రెండో బండి దేవసహాయం

దేవసహాయం పిరికివాడు. ఈ మాట అతణ్ని చిన్నబుచ్చడానికి అంటున్నది కాదు. సికింద్రాబాద్ రోడ్ల మీద ఇరవై ఏళ్లకు పైగా స్కూలు బస్సు నడిపి, ఒక్క పిల్ల మోచేతికైనా గీత పడకుండా ఇళ్లకు చేర్చినవాణ్ని ధైర్యవంతుడని ఎలా అంటాం? ధైర్యవంతులు ఓవర్‌టేక్ చేస్తారు. ఆ తర్వాత వాళ్ల ఫొటోలకు దండలు వేస్తారు. దేవసహాయం మాత్రం ప్రతి మలుపులోనూ ఒక లారీ తన కోసమే పొంచి ఉందని నమ్మి, ఆ నమ్మకంతోనే తల నెరిసేదాకా వచ్చాడు.

భయం అతనికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. తండ్రి అబ్రహాం మాస్టారు తెనాలి వైపు నుంచి వచ్చి, పద్మారావు నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. కొడుక్కి లెక్కలన్నా భయమే, కుక్కలన్నా భయమే. ఒక క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసి, రెక్కలు కట్టుకుని ఎదురొచ్చిన దేవదూతను చూసి స్టేజి దిగి పారిపోయాడు. ఆ దేవదూత పక్కవీధి పిల్ల సువార్త. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె దెప్పడం మానలేదు. "భయపడొద్దని చెప్పడానికే వచ్చానండీ నేను. మీరు నిలబడి వింటే కదా!" అంటుంది.

స్టీరింగ్ పట్టుకున్నాకే ఆ భయానికి ఒక దారి దొరికింది. బస్సు ఎక్కగానే అది ఒంట్లోంచి దిగి కుడిపాదంలో చేరేది. అక్కడ దానికి చేతినిండా పని. ఎదుటి ఆటో ఊగినా, సందులోంచి బంతి దొర్లుకొచ్చినా పాదం తనంతట తనే బ్రేకు మీదికి వెళ్లేది. తల్లులు అతని బస్సులోనే సీటు కావాలని పట్టుబట్టేవారు. పిరికితనానికి ఇంత గిరాకీ ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

స్కూలువాళ్లు బస్సుల్ని కాంట్రాక్టుకిచ్చి పాత డ్రైవర్లను మాన్పించాక, తెలిసినవాళ్ల ద్వారా కాప్రాలో తమంతట తామే నడిచే బండ్లను పరీక్షించే ఒక కొత్త కంపెనీలో చేరాడు. చెరువు అవతల కంపెనీకి సొంత రోడ్డుంది. దాని మీద అయిదు వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మనిషి నడిచేంత జాగా మాత్రమే వదిలి తిరుగుతాయి. డ్రైవర్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. బండ్లు తమలో తాము రేడియోలో మాట్లాడుకుంటాయి. ముందు బండి బ్రేకు వేస్తున్నానని చెబితే వెనక బండి విని బ్రేకు వేసుకుంటుంది. కెమెరాలూ గట్రా ఇంకా బిగించలేదు. ఇప్పటి పరీక్షంతా ఆ మాటలదే.

అలా దేవసహాయం భయానికి ఉద్యోగం పోయింది. కుడిపాదం ఖాళీ అయింది. ఖాళీగా ఉన్న భయం ఊరుకుంటుందా? కడుపులోకి ఎక్కింది, గొంతులోకి ఎక్కింది, ఇంటికి కూడా వెంట వచ్చింది.

దానికి తోడు ఇంజనీరు కల్పలత ఒకరోజు టీ తాగుతూ మొత్తం సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. మంచి పిల్ల, అడిగితే విసుక్కోదు. ఆ రోజు కాస్త విసుక్కుని ఉంటే బాగుండేదని దేవసహాయం తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"గాలి అందరికీ ఒక్కటే కదా అంకుల్. అందులో మన బండ్లకిచ్చిన జాగా చాలా తక్కువ. రేపు సిటీలో వేల బండ్లుంటే ఎంత ఇరుకవుతుందో, అంత ఇరుకు చేసి టెస్ట్ చేస్తున్నాం. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ అందదు. అందుకే టైమును చిన్న చిన్న ముక్కలు చేశాం. ఎవరి ముక్కలో వాళ్లే మాట్లాడాలి."

"ఎవరి ముక్క ఏదని ఎవరు పంచుతారమ్మా?"

"ఎవరూ పంచరు. బండి ఆన్ చేయగానే అందులోని రేడియో పెట్టె కాసేపు ఊరికే వింటుంది. ఎవరూ మాట్లాడని ముక్క చూసుకుని అది తీసుకుంటుంది. అందుకే బండ్లను ఒక్కొక్కటిగా స్టార్ట్ చేయమంటాను. ముందు బండి చుక్క మీ స్క్రీన్ మీద పచ్చగా అయ్యాకే మీరు తాళం తిప్పాలి."

దేవసహాయానికి వెంటనే అర్థమైంది. వాళ్ల చర్చి కూటంలో గొలుసు ప్రార్థన అలాగే జరుగుతుంది. ఒకరు ముగించాక నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఇంకొకరు మొదలుపెడతారు. ఒక్కోసారి ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని మళ్లీ ఇద్దరూ ఒకేసారి అందుకుంటారు. పిల్లలు నోరు మూసుకుని నవ్వుతారు.

"ఒకవేళ రెండు బండ్లు ఒకటే ముక్క తీసుకుంటే?" అన్నాడు.

"అదే తమాషా అంకుల్. ఆ రెండింటికీ తెలీదు. మాట్లాడేటప్పుడు పెట్టెకు ఏమీ వినపడదు. రెండూ ఒకే టైంలో మాట్లాడుతుంటాయి కాబట్టి ఒకదాని మాట ఇంకోదాని చెవిన పడనే పడదు. ఎప్పుడో కాసేపటికి ముక్క మార్చుకున్నప్పుడు సర్దుకుంటుంది."

"ఆ కాసేపట్లో?"

కల్పలత నవ్వింది. "అందుకే కదా మీరున్నది!"

ఆమె సరదాకే అంది. దేవసహాయం మాత్రం తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. ప్రార్థనలో ఇద్దరు కలబడితే కనీసం ఒకరికొకరు వినబడతారు. ఈ పెట్టెలు నోరు తెరిస్తే చెవులు మూసుకుంటాయి. పైగా తాను బాగానే చెబుతున్నానని ప్రతిదీ అనుకుంటూ ఉంటుంది.

డ్రైవరు ముందు ఒక ఎర్ర బటన్ ఉంది. నొక్కితే పెట్టె ఆగిపోయి బండి పూర్తిగా డ్రైవరు చేతికొస్తుంది. చేరిన మొదటి రోజే దేవసహాయం దాన్ని నొక్కేశాడు. ఏమీ కాలేదు, ఒక పిచ్చుక అడ్డంగా ఎగిరింది, అంతే. మొదటి బండి డ్రైవరు జంగయ్యకు ఇక పండగే. మల్కాజ్‌గిరి మనిషి, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే.

"ఏందన్నా, పిట్టకు గిట్ల పరేషాన్ అయితే ఏనుగొస్తే ఏం జేస్తవ్? ఇగ నిన్ను ఎర్ర బటనన్న అంటం!"

ఆ పేరు అంటుకుపోయింది. మూడో బండి నడిపే దయాకర్, కొడుకు వయసువాడు, వాడు కూడా అదే పేరుతో పిలిచేవాడు. దేవసహాయం నవ్వి ఊరుకున్నాడు గానీ ఇక చచ్చినా ఆ బటన్ నొక్కనని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. సువార్తకు ఈ సంగతేదీ చెప్పలేదు. పనెలా ఉందని ఆమె అడిగితే, ఊరికే కూర్చోవడమే, హాయిగా ఉందన్నాడు. ఒకరోజు ఆమె పిక్క మీద బామ్ రాసుకుంటుంటే ఏమైందని అడిగాడు. మంచం కోడు తగిలిందంది ఆమె.

ఇలా ఉండగా కంపెనీవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. డ్రైవర్ల కుటుంబాలను పిలిచి, బండ్లలో కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పి, భోజనం పెడదామన్నారు. దేవసహాయం ఈ కబురు ఇంట్లో చెప్పకుండా దాచాడు. జంగయ్య భార్య అనసూయమ్మ ఫోన్ చేసి చెప్పేసింది.

"నేనూ వస్తానండీ" అంది సువార్త.

"ఎండ సువార్తా అక్కడ. ఏముంది చూడ్డానికి?"

"మీరున్నారుగా."

ఆ రోజు పొద్దున ఆమె ఈస్టరుకు కొనుక్కున్న నీలం చీర కట్టుకుంది. బస్సులో వస్తూ ఉత్సాహంగా కబుర్లు చెబుతుంటే దేవసహాయం ఊ కొడుతూ కూర్చున్నాడు. తన బండిలో కూర్చోబెట్టుకుంటే కాస్త నయం, కనీసం తన కాలి కింద బ్రేకుంటుంది అనుకున్నాడు. తీరా అక్కడికి వెళ్లాక సువార్తే కల్పలత దగ్గరికి వెళ్లి, "మా వారి బండి వెనక బండిలో కూర్చుంటానమ్మా" అంది.

ఆ రౌండులో పరీక్ష ఏమిటంటే, రోడ్డు చివర పసుపు డ్రమ్ము దగ్గర రెండో బండి తనంతట తనే గట్టిగా బ్రేకు వేసుకుంటుంది. మొదటి బండి ఆగదు, ముందుకు వెళ్లిపోతుంది. రెండో బండి చెప్పిన మాట విని మూడోది ఆగాలి. అంటే దేవసహాయం నడిపే ఆ రెండో బండి చెప్పే మాట మీద సువార్త ప్రాణం వేలాడుతోంది.

"ఆ బండిలో వద్దు సువార్తా, ఏసీ సరిగా పనిచెయ్యదు" అన్నాడు చివరికి.

"దయాకర్ చక్కగా పనిచేస్తుందన్నాడే!" అని ఆమె ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

ఇంతలో జంగయ్య కొబ్బరికాయతో వచ్చాడు. ఇంటోళ్లు ఎక్కుతున్నారు కాబట్టి పూజ లేకుండా కదిలేది లేదన్నాడు. ప్రతి బండి టైరు కిందా నిమ్మకాయ పెట్టాడు, అద్దానికి బొట్టు పెట్టాడు. దేవసహాయం బండి దగ్గరికొచ్చి, "నీకు అభ్యంతరం లేదు గదా అన్నా?" అని అడిగి, లేదన్నాక ఒక చిన్న బొట్టు పెట్టాడు. తర్వాత చేతి గడియారం చూసుకుని గట్టిగా అరిచాడు.

"ఇంటుండ్రా అందరు! మంచి గడియ షురూ అయితుంది. నేను కాయ కొట్టంగనే అన్ని బండ్లు ఒక్కసారే స్టార్ట్ గావాలె! ఒక్కటి సుత ఎనక పడొద్దు!"

ఒక్కొక్కటిగా కదా స్టార్ట్ చేయాల్సింది! దేవసహాయం కల్పలత కోసం చూశాడు. ఆమె మొదటి బండిలో ముసలివాళ్లకు సీటు బెల్టులు పెడుతోంది, ఈ హడావిడి ఆమె చెవిన పడలేదు. తను చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ ఏమని చెబుతాడు? అంతమందిలో ప్రార్థనకు వెళ్లేవాడు తనొక్కడే. కొబ్బరికాయ దగ్గర తను ఒక్క మాట అడ్డం చెబితే రేడియో సంగతి ఎవరికి అర్థమవుతుంది? దేవన్నకు మన పూజ గిట్టలేదంటారు. జంగయ్య మనసు నొచ్చుకుంటుంది. భార్య చూస్తోంది. బండ్ల గురించిన భయం ఒకటి, మనుషుల గురించిన భయం ఒకటి, రెండూ తూకంలో పెడితే ఆ క్షణాన మనుషుల భయమే మొగ్గింది.

కాయ పగిలింది. అయిదు తాళాలు ఒకేసారి తిరిగాయి. అందులో దేవసహాయానిది కూడా ఒకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కదిలాక స్క్రీన్ చూశాడు. మొదటి బండి చుక్క పచ్చగా ఉంది. నాలుగోది, అయిదోది పచ్చగా ఉన్నాయి. మూడో బండి చుక్క మాత్రం బూడిదరంగులో ఉంది, అంటే దాని మాట అందట్లేదు.

వెలుగుతుందిలే అనుకున్నాడు. మలుపుల్లో అప్పుడప్పుడు కాసేపు అలా పోయి మళ్లీ వస్తుంటుంది. మలుపు దాటింది. చుక్క అలాగే ఉంది. అద్దంలో చూశాడు. మూడో బండి ఏ తేడా లేకుండా వెనకే అంటుకుని వస్తోంది. వేగం సంగతి దానికి మొదటి బండి నుంచి అందుతుంది కాబట్టి సాఫీగానే వస్తుంది. తన బండి బ్రేకు వేసిన సంగతి మాత్రం దానికి చెప్పేవాళ్లు లేరు. దయాకర్ సగం వెనక్కి తిరిగి ఎవరికో ఏదో చూపిస్తున్నాడు. అతని పక్కన నీలం చీర కనిపిస్తోంది. దేవసహాయం కళ్లు తిప్పుకోలేకపోయాడు.

ఫోన్లు బయల్దేరేముందే ట్రేలో పెట్టేశారు. హారన్ కొట్టాడు. ఆగకుండా కొట్టాడు. జంగయ్య సంబరపడి తనూ కొట్టాడు. దయాకర్ కొట్టాడు, వెనక బండ్లు కొట్టాయి. పెళ్లి ఊరేగింపులా అయిదు బండ్లూ మోగుతుంటే లోపల పిల్లలు కేరింతలు కొట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక దేవసహాయం హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు.

ఎదురుగా దూరంగా పసుపు డ్రమ్ము కనబడింది.

ఎర్ర బటన్ నొక్కొచ్చు. బండి చేతికొస్తుంది, డ్రమ్ము దగ్గర బ్రేకు వేయకుండా నేరుగా వెళ్లిపోవచ్చు. కానీ ఇది నిజంగా ప్రమాదమా, లేక మళ్లీ పిచ్చుకేనా? చుక్క ఒక్కటి వెలగనంత మాత్రాన రెండూ ఒకే ముక్కలో ఉన్నట్టేనా? స్క్రీనే చెడిపోయి ఉంటే? అన్ని కుటుంబాల ముందు, సువార్త ముందు, పరీక్ష పాడుచేసిన ఎర్ర బటనన్న అవుతాడు. రేపటి నుంచి పనికి రావద్దన్నా అంటారు. తాడును చూసి పామనుకోవడం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. జీవితంలో ఇన్నిసార్లు భయపడ్డాడు, అందులో నిజమైన పాము ఎన్నిసార్లుంది?

అద్దంలో సువార్త ముందుకు వంగింది. సీటు అంచును రెండు చేతులా పట్టుకుని ఉంది. అతని బండినే చూస్తోంది.

దేవసహాయం ఎర్ర బటన్ నొక్కాడు. స్క్రీన్ ఆరిపోయింది. స్టీరింగ్ బరువు చేతుల్లోకి వచ్చింది, పెడల్ పాదం కిందికి వచ్చింది. ఇప్పుడు ఆ పాదాన్ని ఆపడమే కష్టమైంది. ఇన్నేళ్లుగా భయం వేస్తే బ్రేకు తొక్కడమే దానికి తెలుసు. ఇప్పుడు తొక్కితే సువార్త బండి వచ్చి గుద్దుతుంది. 'వద్దు, వద్దు, వద్దు' అని పైకే అంటూ, పళ్లు బిగబట్టి, కాలిని అలాగే ఉంచాడు. డ్రమ్ము పక్క నుంచి వెనక్కి వెళ్లిపోయింది. బండి ఆగలేదు. మూడోది దాని వెనకే వచ్చింది. రోడ్డు చివరి విశాలమైన చోట జంగయ్య మెల్లగా ఆపితే, అందరూ మెల్లగా ఆగారు.

దేవసహాయం దిగి అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

జంగయ్య పరుగున వచ్చాడు. "ఏందన్నా, మళ్ల నొక్కినవా? ఇయ్యాల సుత పిట్టేనా?"

"మూడో బండికి నా మాట అందట్లేదు జంగయ్యా" అన్నాడు దేవసహాయం.

కల్పలత టాబ్లెట్‌లో వెనక్కి వెళ్లి చూసింది. చూస్తున్న కొద్దీ ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది. "రెండూ మూడూ ఒకే ముక్కలో ఉన్నాయి. బయల్దేరినప్పటి నుంచీ" అంది. తర్వాత చాలా మెల్లగా, "బండ్లు ఒక్కొక్కటిగానే స్టార్ట్ చేశారు కదా?" అని అడిగింది.

పిల్లల చేతుల్లో కొబ్బరిముక్కలున్నాయి. జంగయ్య వాటివైపు చూశాడు. నాలుగో బండిలోంచి అప్పుడే దిగుతున్న తన అనసూయమ్మ వైపు చూశాడు.

"నేనే జెప్పిన మేడమ్" అన్నాడు చివరికి. "అందర్ని ఒక్కసారే అన్న."

"నేను విన్నాను" అన్నాడు దేవసహాయం. "తప్పని తెలుసు. చెప్పడానికి భయపడ్డాను."

ఆ రోజు భోజనాలు ఎవరికీ సయించలేదు. కల్పలత బండ్లన్నీ ఆపేయించి, ముందున్న బండిని కనిపెట్టే రాడార్ బిగించేదాకా ఎవర్నీ ఎక్కించేది లేదని పైవాళ్లతో ఫోన్లో గొడవపడుతోంది. జంగయ్య మాత్రం దేవసహాయం పక్కన వచ్చి కూర్చుని, "గా పేరు ఇగ పిలవనన్నా" అన్నాడు.

సాయంత్రం సికింద్రాబాద్ బస్సెక్కారు భార్యాభర్తలు. సీటు దొరికింది. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి చూశారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి, ఇద్దరూ ఆగిపోయారు. ఈసారి దేవసహాయం పెదవులు బిగించుకుని ఆమెనే చెప్పమన్నట్టు చూశాడు.

"మీ బండి వెనక బండిలో ఎందుకు కూర్చున్నానో తెలుసా?" అంది సువార్త. చీర కుచ్చిళ్లు కాస్త పైకి జరిపి పిక్క చూపించింది. పసుపూ నీలమూ కలిసిన పెద్ద మచ్చ. "మంచం కోడు కాదండీ. మీ కాలే. నెలరోజులుగా నిద్రలో నన్ను తొక్కుతున్నారు, బ్రేకు తొక్కినట్టు. లేపి అడిగితే హాయిగా ఉందంటారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. మిమ్మల్ని ఇంత భయపెట్టే బండి ఏదో, అందులో మీరెలా కూర్చుంటున్నారో వెనక నుంచి నా కళ్లతో చూద్దామని వచ్చాను."

దేవసహాయం ఆ మచ్చ వైపు చూస్తూ ఉండిపోయాడు. నెలరోజులు ఒకే మంచం మీద, ఒకే భయంతో ఇద్దరూ, ఏమీ లేదని ఒకరికొకరు చెప్పుకుంటూ గడిపారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలా భయమేసింది సువార్తా" అన్నాడు. "ఇంకా వేస్తోంది."

"నాకూ అంతే" అంది ఆమె.

మల్కాజ్‌గిరి దాటాక ఒక ఆటో అడ్డం వచ్చి బస్సు డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. దేవసహాయం కుడికాలు తనంతట తనే నేలను గట్టిగా తొక్కింది. సువార్త చెప్పు విడిచి, తన పాదాన్ని తెచ్చి అతని పాదం మీద పెట్టింది. పద్మారావు నగర్ వచ్చేదాకా తియ్యలేదు.